రేగుమాల్ మీద మబ్బులు

నేను రాసిన కాగితం ఏదీ నేను రాసినట్టుగా మా ఆఫీసు గుమ్మం దాటలేదు. నేను డ్రాఫ్టు పుటప్ చేస్తాను. సూపరింటెండెంటు దిద్దుతారు. ఆయన దిద్దినదాన్ని పైఅధికారి దిద్దుతారు. ‘తెలియజేయడమైనది’ అని రాస్తే ‘తెలుపడమైనది’ అవుతుంది. సరే కదా అని మర్నాడు ‘తెలుపడమైనది’ అని రాస్తే ‘తెలియజేయడమైనది’ అవుతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత కోపమొచ్చేది, చివరికి ఏమీ రాకుండా పోయింది. ఆ ఏమీ రాకపోవడానికే నాకు భయం వేసింది. అందుకే ఆదివారాలు బొమ్మల క్లాసులో చేరాను.

కాబట్టి ముందే చెబుతున్నాను. నా బొమ్మలు గొప్పవని నేనెప్పుడూ అనలేదు. బాగాలేదంటే బాగాలేదనండి, పడతాను. దిద్దడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు. నేను చేసింది చేసినట్టుగా ఉండేది ఒక్కటైనా ఉండాలి కదా ఈ భూమ్మీద. నాకున్న పంతమల్లా అదే.

మబ్బులే ఎందుకు వేస్తావని అడుగుతారు. మేముండేది పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో ఒక గల్లీలో, పై పోర్షన్‌లో, అమ్మా నేనూ. ఉన్న కిటికీలు రెండు. ఒకటి తీస్తే ఎదురింటి గోడ, రెండోది తీస్తే పక్కింటి గోడ. మెట్లెక్కి డాబా మీదికి వెళ్తే నీళ్ల ట్యాంకులు, కేబుల్ వైర్లు, ఆరేసిన బట్టలు. వాటికి పైన ఎవరూ ఇంకా గోడ కట్టలేదు. నాకు దొరికిన ఖాళీ అదొక్కటే, దాన్నే వేస్తున్నాను.

మా నాన్నది గుంటూరు వైపు. ఉద్యోగం మీద వచ్చి ఇక్కడ అద్దెకు దిగారు. ఆయన పోయాక కూడా మేము ఇళ్లు మారాం గానీ ఈ పేట దాటలేదు. ఆఫీసులో కొందరు ఇప్పటికీ ముఖం అదోలా పెట్టి అడుగుతారు, ‘ఇంకా అక్కడే ఉంటున్నారా మేడమ్?’ అని. ‘మబ్బులు మీకెంత ఎత్తులో ఉంటాయో మాకూ అంతే ఎత్తులో ఉంటాయండీ’ అన్నాను ఒకసారి. ఆ వారమంతా నా డ్రాఫ్టులకు దిద్దుబాట్లు రెట్టింపయ్యాయి.

క్లాసులో మాస్టారు నా చేతికి సాఫ్ట్ పాస్టెల్స్ ఇచ్చారు. రంగు పొడిని అంటీ అంటని జిగురుతో కలిపి కడ్డీలుగా చేస్తారు. గట్టిగా నొక్కితే చిట్లుతుంది, ఊదితే ఎగురుతుంది. మా అమ్మకు అవి ఈనాటికీ సుద్దముక్కలే. ఇంట్లో వేద్దామని మామూలు డ్రాయింగ్ షీటు మీద మొదలుపెట్టాను. రెండు పొరలు పడ్డాక మూడోది నిలవలేదు. పొడి జారి ఒళ్లో పడింది. పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం కొంత నయం, దాని రంగు సాయంత్రం ఎండకు బాగానే కుదిరింది గానీ నాలుగో పొరకు అదీ చేతులెత్తేసింది. మబ్బంటే నాలుగు పొరలతో అయ్యేది కాదు. ఊదా, నీలం, మట్టిరంగు, వాటి మీద బూడిద, ఆఖరున ఎక్కడో ఒకచోట తెలుపు. నల్లరంగు పూస్తే వానమబ్బు అవుతుందనుకున్నాను మొదట్లో. వానమబ్బు కాలేదు, మసిగుడ్డ అయింది.

‘కాగితానికి పళ్లుండాలమ్మా. పొడిని కరిచి పట్టుకోవాలి’ అని మాస్టారు విదేశీ కాగితం ఒకటి చూపించారు. వేలు పెడితే గరగరమంది. తెప్పించుకోవాలట, వారాలు ఆగాలట. ఈ ఊళ్లో వాన పట్టే మబ్బుకు ఇంకెక్కణ్ణుంచో కాగితం రావాలంటే నాకు నచ్చలేదు. చిన్న ముక్క అడిగి పుచ్చుకుని ఇంటికి తెచ్చాను. అమ్మ దాన్ని బుగ్గకు రాసుకుని చూసి, ‘ఇదేమిటే, ఉప్పు కాగితమేగా! మీ నాన్న కుర్చీల కోళ్లకు రుద్దేవారు’ అంది.

మా ఇంటి ఓనరుకు కిందనే హార్డ్‌వేర్ దుకాణం. తాతల నాటి వ్యాపారం. అందరూ సేటూ అంటారు, నేనూ అంతే. పరుగున దిగి వెళ్లి ఉప్పు కాగితం ఇమ్మన్నాను.

‘ఉప్పు గావాల్నంటే కిరాణంల అడుగు బిడ్డా. ఈడ మొలలు, బోల్టులు దొరుకుతయ్’ అన్నాడు.

‘ఉప్పు కాదు సేటూ, ఉప్పు కాగితం.’

‘గదే అంటున్న. కిరాణపోడే కాయితంల కట్టిస్తడు.’

మాటతో లాభం లేదని అరచేత్తో కౌంటరు మీద బరబరా రుద్ది చూపించాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ‘రేగుమాల్! గట్ల చెప్పరాదు? నలభై ఏండ్ల సంది అమ్ముతున్న, ఉప్పు గిప్పు అని ఎవ్వలు అడగలే. తల్పులకా, ఇనుముకా?’

‘మబ్బులకు.’

‘ఏందీ?’

‘మబ్బులకు సేటూ. బొమ్మ వెయ్యనీకి.’

సేటు నవ్వలేదు, అందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ‘గట్లయితే ఎనభై నంబరు వద్దు, మస్తు గరుకు’ అని వెనక అరలోంచి రకానికొకటి తీసి పరిచాడు. కడ్డీ తెచ్చుకుని అక్కడే గీసి చూశాను. ఎనభై నంబరుది కడ్డీని బెల్లం ముక్కలా తినేసింది. నూట ఇరవై కూడా అంతే. చివర్న నల్లగా ఉన్న నాలుగు వందల నంబరు ఒకటుంది. వాటర్ పేపర్ అంటారట, కార్లకు రంగు కొట్టేవాళ్లు ఎక్కువగా కొంటారు. దాని మీద గీయగానే తెలుపు అక్కడే ఉండిపోయింది. ఊదాను, కదల్లేదు. మీద ఇంకో రంగు వేశాను, తీసుకుంది. ఇంకోటి, ఇంకోటి. సేటు కళ్లజోడు సవరించుకుని ‘పట్టుకున్నది బిడ్డా, పట్టుకున్నది!’ అన్నాడు, ఏదో చేప పడ్డట్టు. నాకు ఆ కౌంటరు ముందే ఎగరాలనిపించింది.

ఆ ఉత్సాహంలో ఒక తెలివితక్కువ పని చేశాను. మామూలు కాగితం మీద రంగులు కలపాలంటే వేలితో మెత్తగా రుద్దుతాం. అదే అలవాటుగా రేగుమాల్ మీద కూడా రుద్దాను, వారం రోజులు. తలుపుల్ని అరగదీసే కాగితం వేళ్లను ఊరికే వదిలేస్తుందా? ముందు మంట పుట్టింది, కడ్డీలు పట్టే చేతికి ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నాను. సోమవారం ఆఫీసులో హాజరు మిషన్ మీద వేలు పెడితే ఎర్రలైటు వెలిగింది. ఇంకో వేలు, మళ్లీ ఎర్రలైటు. పది వేళ్లూ అయ్యాయి. వెనక వరస పెరిగింది. సూపరింటెండెంటు వచ్చి, ‘మేడమ్, మీరసలు మనిషే కాదంటోంది మిషన్’ అని అందర్నీ నవ్వించి, సంజాయిషీ రాసిమ్మన్నారు.

‘మబ్బులు రుద్దడం వలన నా వేలిముద్రలు అరిగిపోయినవి’ అని రాసిచ్చాను. ఉన్నదే రాశాను. ఆయన ఎర్రపెన్ను తీసి మబ్బుల్ని కొట్టేసి ‘చర్మ సంబంధిత కారణముల వలన’ అని దిద్దారు. నా వేళ్లు, నా చర్మం, నా మబ్బులు. వాటికి కారణం కూడా ఆయనే రాశారు. ఆ కాగితం మీద సంతకం పెడుతుంటే ఒళ్లు మండింది. పెట్టాను, ఉద్యోగం కదా.

వేళ్లు మానేదాకా రుద్దడం మానేశాను. మానేశాకే తెలిసింది, మబ్బుకు రుద్దుడు అక్కర్లేదని. రుద్దిన కొద్దీ అది పిండిముద్ద అవుతుంది. కడ్డీని పక్కకు పడుకోబెట్టి, పైపైన, బరువు లేకుండా ఒకసారి లాగి వదిలేయాలి. గరుకు తనకు కావలసినంత తీసుకుంటుంది, మిగతాచోట కింది రంగు కనబడుతూ ఉంటుంది. మబ్బులోంచి వెలుగు వచ్చేది ఆ వదిలేసిన చోట్ల నుంచే. వేసింది వేసినట్టు వదిలేయడం నాకు ఎవరూ నేర్పలేదు, మా ఆఫీసులో అయితే అసలే నేర్పరు.

ఈ ఏడు మాస్టారు విద్యార్థుల బొమ్మలతో ప్రదర్శన పెడతామన్నారు. విషయం పాతబస్తీ. ఆ మాట వినగానే క్లాసులో అందరూ నావైపు తిరిగారు, పాతబస్తీ నా మేనత్త అయినట్టు. ఆ పై ఆదివారం అంతా కలిసి చార్మినార్ దగ్గరికి వెళ్లి ఫొటోలు తీసుకొచ్చారు. నేను వెళ్లలేదు. రోజూ ఆఫీసు బస్సుకు దాని పక్కనుంచే వెళ్తాను, దాని మీద నాకు కోపమేమీ లేదు. కాకపోతే నేను అందులో కాపురం ఉండటం లేదు.

ఆషాఢంలో ఒక సాయంత్రం నాలుగున్నరప్పుడు డాబా మీద ఉన్నాను. పెద్ద బొమ్మకు ఒక షీటు చాలదు, అందుకని ప్లైవుడ్ చెక్క మీద నాలుగు నల్ల షీట్లు పైన రెండు, కింద రెండుగా అతికించి సిద్ధంగా పెట్టుకున్నాను. నైరుతికి తిరిగి కూర్చుంటే మాకు ఎడమ చేతి వైపు ఫలక్‌నుమా, కుడి చేతి వైపు కిషన్‌బాగ్. చార్మినార్ కుడిభుజం వెనక్కి పోతుంది. ఆ వేళ గాలి ఆగింది. పక్క డాబా మీద ఎవరో అరిచారు, ‘వాన కిషన్‌బాగ్ దిక్కుకెళ్లి వస్తున్నది, బట్టలు తీస్కోండ్రి!’ అని. గల్లీ అంతా ఒక డాబా నుంచి ఇంకో డాబాకు ఆ కేక పాకింది. అందరూ బట్టలు తీసుకుంటుంటే నేను కడ్డీలు తీశాను.

కుడివైపు ఆకాశం అడుగున బియ్యం కడిగిన నీళ్ల రంగు. దాని మీదికి ఊదా మబ్బు వంగి వస్తోంది, పొట్ట కింద మట్టిరంగు. ఫలక్‌నుమా మీద మాత్రం ఇంకా ఎండ. అక్కడొక తెల్లని మబ్బు నిండా వెలుగుతో నిలబడి ఉంది, రాబోయేదాన్ని లెక్కచేయకుండా. నాకది ఎంత నచ్చిందో చెప్పలేను. ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. ఏం చేశానో తెలియదు, చేయి వెళ్లినచోటికి వెళ్లింది. మొదటి చినుకు మోచేతి మీద పడగానే చెక్కను గుండెకు అదుముకుని మెట్లు దిగాను. కిందికొచ్చి చూస్తే నా జాకెట్టుకు కొంత మబ్బు అంటింది, మిగతాదంతా చెక్క మీదే ఉంది. షీట్ల మధ్య అతుకులు సన్నగా కనబడుతున్నాయి. కనబడనీ అనుకున్నాను. మా ఆకాశంలో ఎటు చూసినా వైర్లే, ఇంకో రెండు గీతలు దానికి బరువా?

ఆ రాత్రి అమ్మ బొమ్మ ముందు చాలాసేపు కూర్చుని, ‘రేపు బట్టలు ఆరవు’ అంది. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

మాస్టారికి ఇచ్చినప్పుడు ఆయనా బాగుందన్నారు. ఒకటికి రెండుసార్లు అన్నారు. తర్వాత తల గోక్కుని, ‘చార్మినార్ ఏదమ్మా? కనీసం మూలన, చిన్నదైనా?’ అన్నారు.

‘అది పాతబస్తీ ఆకాశం మాస్టారూ. నేను కూర్చున్నది పాతబస్తీలో. ఇంకేం కావాలి?’

‘చూసేవాళ్లకు తెలియాలి కదా.’

‘తెలియకపోతే అడుగుతారు. చెబుతాను.’

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఒప్పుకున్నారనుకున్నాను. బొమ్మ పక్కన పెట్టే చీటీ మీద ఆయన ‘శాండెడ్ పేపర్’ అని రాయబోతే పెన్ను తీసుకుని నేనే ‘సాఫ్ట్ పాస్టెల్, రేగుమాల్’ అని రాశాను. ‘మీరు భలే మొండివారమ్మా’ అన్నారు. ఫ్రేము కట్టించే పని ఆయనదే, బొమ్మ ఆయన దగ్గరే వదిలి వచ్చాను.

ప్రదర్శన రోజు పదకొండింటికి జనాన్ని లోపలికి వదులుతారు. అమ్మను తీసుకుని పదింటికే చేరాను. గోడల నిండా చార్మినార్లు. పొద్దుటి చార్మినార్, వెన్నెల చార్మినార్, గాజులమ్మే ఆమె వెనక చార్మినార్, చాయ్ కప్పులో నీడగా చార్మినార్. నా బొమ్మ చివర్న ఉంది. దగ్గరికి వెళ్లాను.

ఎడమ చేతి కింది మూల, తెల్లమబ్బు అడుగున, బొటనవేలంత చార్మినార్ నిలబడి ఉంది.

మాస్టారు నవ్వుతూ వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు, నాకు వచ్చిన చిక్కే అది. చెడ్డవారైతే నాలుగు తిట్టి చక్కా పోయేదాన్ని. ‘ఫ్రేముకు ఇచ్చే ముందు రెండు నిమిషాలు పట్టిందమ్మా. ఇప్పుడు చూడండి, మీ మబ్బులకు ఒక చిరునామా వచ్చింది.’

‘చిరునామా తప్పు రాశారు మాస్టారూ’ అన్నాను. ‘అది ఫలక్‌నుమా ఉండే చోటు. చార్మినార్ నా వెనక ఉంటుంది. మీరు దాన్ని తీసుకెళ్లి అక్కడి రైల్వేస్టేషన్ దగ్గర నిలబెట్టారు.’

‘కళకు దిక్కులేమిటమ్మా!’

‘కళకు లేకపోతే పోనీండి. వానకు ఉన్నాయి.’

‘చార్మినార్ లేకపోతే అది పాతబస్తీ అని ఎవరు గుర్తుపడతారు?’

‘అక్కడ ఉండేవాళ్లు గుర్తుపడతారు.’

నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చినట్టుంది, తక్కిన విద్యార్థులు నిచ్చెనల మీదే ఆగిపోయారు. గోడ మీది నుంచి ఫ్రేము దింపి బల్ల మీద బోర్లించాను. ఫ్రేములు బిగించేవాళ్ల పెట్టెలోంచి పల్చటి కత్తి తీసుకుని వెనక మేకులు వంచి, చెక్కను బయటికి తీసి, అద్దం పక్కకు పెట్టాను. ముందు బ్రష్షుతో దులిపి చూశాను. పైపొడి రాలింది గానీ మినార్లు పోలేదు. రేగుమాల్ గుణమే అంత, పట్టిందాన్ని వదలదు. దాన్ని ఏరికోరి తెచ్చుకుంది కూడా అందుకే, ఎవరిని అనగలను?

పక్కనే మాస్టారి రంగుల పెట్టె ఉంది. పైన ముదురు మబ్బు కప్పేస్తే ఎవరికీ తెలియదు. ఊదా కడ్డీ చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ కప్పేస్తే నా మబ్బు కింద ఆయన దిద్దుబాటు ఉండిపోతుంది. పైగా అక్కడ ఉన్నది ఎండలో ఉన్న తెల్లమబ్బు. ఆయన పెట్టిన నాలుగు మినార్లను దాచడానికి దాన్ని నా చేత్తో నేనే చంపుకోవాలి. కడ్డీ పెట్టెలో పెట్టేశాను.

కత్తిని ఆ మూల షీటు అంచు కిందికి దూర్చాను.

‘అమ్మా, అమ్మా, ఏం చేస్తున్నారు!’ అని మాస్టారు చేయి అడ్డం పెట్టబోయారు. ‘మీరు జరగండి’ అన్నాను. అంత నెమ్మదిగా ఎలా అనగలిగానో నాకే తెలియదు. జిగురు ఎండి బిగుసుకుపోయింది. ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో కోస్తూ పోతే షీటు చర్రున మధ్యకు చిరిగింది, రెండు మినార్లు ఈ ముక్కలోకి, రెండు ఆ ముక్కలోకి. దాంతోపాటు నా తెల్లమబ్బు కూడా వచ్చేసింది. అది తెలిసే లాగాను. తెలిసి లాగినా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నేళ్లకు వచ్చిందో ఏడుపు. ఆపుకోవాలనిపించలేదు.

రెండు ముక్కలూ మాస్టారి చేతిలో పెట్టాను. ‘ఇది మీ బొమ్మ. మిగతాది నాది.’

మూడు షీట్ల మబ్బు, ఒక మూల జిగురు మరకలతో బోసి చెక్క. అద్దం బిగించి, ఫ్రేము మళ్లీ అదే మేకుకు తగిలించాను. ఎవరూ ఆపలేదు. మాస్టారు ఆ ముక్కలు పట్టుకుని, ‘అది సగంలో ఆగినట్టుంటుందమ్మా’ అన్నారు, ఈసారి నెమ్మదిగా. ‘ఉండనీండి’ అన్నాను. అమ్మ ఆ పక్కనే కుర్చీలో కూర్చుని, ‘అనుకుంటూనే ఉన్నాను, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు’ అంది. కానీ కుర్చీ ఆ బొమ్మ పక్కకే జరుపుకుంది.

సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాను. వచ్చినవాళ్లు చాలామంది ఆగకుండా వెళ్లారు. ఆగినవాళ్లు మూల ఎందుకు ఖాళీగా ఉందని అడిగారు. ‘నేను వేయనిది వేశారు, తీసేశాను’ అని చెప్పాను, అడిగిన ప్రతిసారీ అదే మాట. ఒకాయన కళాఖండమనుకుని తల పంకించాడు. ఒకావిడ జాలిపడింది. ఎవరేమనుకున్నా మాట మార్చలేదు.

ఇప్పుడు ఆ చెక్క మా ముందుగదిలో ఉంది. కింద దుకాణంలో నాలుగు వందల నంబరు షీట్లు కట్టలుగా ఉన్నాయి, పైన డాబా ఉంది, వానాకాలం ఇంకా పోలేదు. ‘ఆ ఒక్క ముక్క మళ్లీ వేసి అతికించరాదుటే, బోసిగా ఉంది’ అని అమ్మ రెండు రోజులకోసారి పోరుతుంది. ఆ సాయంత్రం ఫలక్‌నుమా మీద నిలబడిన మబ్బు ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. ఇంకోరోజు మబ్బును తెచ్చి అక్కడ అతికిస్తే అది కూడా దిద్దడమే. నా చేత్తో చేసినా సరే, దిద్దడమే.